మా బిల్లులో వేళకు చోటివ్వండి: తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ఛైర్మన్‌ గారికి, సభ్యులకు, ఉత్తర, దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థల అధికారులకు నమస్కారాలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ణి. హైదరాబాద్ పడమటి వైపున, ముప్పై ఇళ్లున్న ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. రెండేళ్లపాటు మా నివాసుల సంఘానికి కార్యదర్శిగా పనిచేశాను. విద్యుత్తుకు గిరాకీ మిక్కుటంగా ఉండే వేళల్లో ఇళ్లలో వాడకం తగ్గించుకోవడం గురించీ, తగ్గించుకోగలిగిన కుటుంబాలు సైతం ఆ పని ఎందుకు చేయలేకపోతున్నాయన్న దాని గురించీ మీకు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను కోరేది ఒక్కటే. నెలనెలా మా ఇంటికి వచ్చే బిల్లు ఎన్ని యూనిట్లు కాల్చామన్నదే చూస్తుంది, ఏ వేళ కాల్చామన్నది చూడదు. ఆ వేళకు బిల్లులో చోటివ్వండి.

ఈ ఆలోచన నాకు పుస్తకాల నుంచి వచ్చింది కాదు. కొన్నేళ్ల కిందట మే నెలలో ఒక వారంపాటు మా భవనంలో ఎవరికీ నిద్ర లేదు. రాత్రి పదిన్నర దాటేసరికి కరెంటు పోయేది. లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసి వెళ్లేవారు, ఆయన బండి వీధి మలుపు తిరిగేలోపే మళ్లీ పోయేది. మూడో రాత్రి ఆయన నన్ను దగ్గరకు పిలిచి, తీగకు తగిలించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి, మూడు ఫేజుల్లో ఏ ఫేజు మీద ఎంత భారం పడుతోందో ఓపికగా చూపించారు. అర్ధరాత్రి చెమటలు కారుతూ, చేతికి తొడుగులతో, ఒక్క టార్చిలైటు వెలుగులో ఆయన పడుతున్న శ్రమ చూశాక నాకు సిగ్గనిపించింది, ఎందుకంటే ఆ భారమంతా మేము మేడ మీద కూర్చుని వేసినదే.

లెక్క చాలా సులువు. 2006లో భవనం కట్టినప్పుడు ఇంటికి మూడు కిలోవాట్ల చొప్పున లోడు రాయించి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించారు. అప్పుడు ఏసీ ఉన్న ఇళ్లు నాలుగో ఐదో. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో రెండు. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. ముప్పై ఇళ్లలో రెండేసి చొప్పున ఒకే సమయంలో నడిచాయంటే 90 కిలోవాట్లు ఏసీలకే సరిపోతాయి, ఆపైన ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు, లిఫ్టు, నీళ్ల మోటారు, సెల్లారులో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్లు ఉండనే ఉన్నాయి. ఏసీ కొన్నవాళ్లలో ఒక్కరూ అదనపు లోడు రాయించుకోలేదు, నేనూ రాయించుకోలేదు.

మరుసటి ఆదివారం సంఘం సమావేశంలో కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. మా సంపు మోటారు ఐదు హార్స్‌పవర్‌ది, అంటే సుమారు 3.7 కిలోవాట్లు. అది ఏళ్ల తరబడి పొద్దున ఆరింటికీ రాత్రి ఏడింటికీ తిరగడం అలవాటు. దాన్నీ బోరు మోటారునూ పగలు పదకొండు నుంచి మూడు మధ్యకు మార్చాం. బట్టలు ఉతికే యంత్రాలు, ఇస్త్రీ సాయంత్రం ఆరులోపు ముగించాలనీ, స్కూటర్లకు చార్జింగ్ రాత్రి ఒంటిగంట దాటాకే పెట్టాలనీ అనుకున్నాం. ఏసీ 26 మీద ఉంచి పైన ఫ్యాను వేసుకుంటే చాలునని చాలామంది ఒప్పుకున్నారు. పై అంతస్తు ఇళ్లవాళ్లు డాబా మీద తెల్లటి పూత వేయించుకోవడానికి ముందుకొచ్చారు. అమెరికా వేళలకు రాత్రంతా ఇంట్లోంచి పనిచేసే యువకుడికీ, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దావిడ ఇంటికీ, పసిబిడ్డ ఉన్న రెండు ఇళ్లకూ ఏ నియమమూ పెట్టలేదు. విద్యుత్ సిబ్బంది వచ్చి ఫేజుల మధ్య భారాన్ని సర్దారు. ఆ వేసవిలో మళ్లీ ఫ్యూజు పోలేదు. పెరిగిన లోడు రాయించుకుని, డబ్బు కట్టి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నది ఆ మరుసటి ఏడాది.

నెలాఖరున ఉమ్మడి మీటరు బిల్లు వచ్చింది. మోటారు పగలు తిరిగినా రాత్రి తిరిగినా అవే యూనిట్లు, అదే ధర. ఇంత కష్టపడి మార్చుకున్నందుకు బిల్లులో ఏమైనా కనబడుతోందా అని సమావేశంలో ఒకరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక ఫ్యూజు భయం కూడా పోయింది, మోటారు మెల్లగా మళ్లీ రాత్రి ఏడింటికి వచ్చి చేరింది. నేను వాళ్లను తప్పు పట్టను. చేసిన మంచి ఎక్కడా నమోదు కానప్పుడు దాన్ని ఏళ్ల తరబడి కొనసాగించమని పొరుగువారిని అడగడం కష్టం.

గరిష్ఠ డిమాండు అనే మాటను పత్రికల్లో ఒకే వస్తువుగా చదువుతుంటాం. మన రాష్ట్రంలో దానికి కనీసం మూడు రూపాలున్నాయని నా అవగాహన, వాటిని కలిపేస్తే ఇళ్లకు చెప్పే సలహా కూడా కలగాపులగమవుతుంది. మొదటిది రాష్ట్రం మొత్తం మీద కనబడే శిఖరం. 2025 మార్చి 20న తెలంగాణలో డిమాండు 17,162 మెగావాట్లకు చేరింది. అది యాసంగి వరి పొట్టకొచ్చే కాలం, లక్షల బోర్లు పగటిపూట నడిచే కాలం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్న రాష్ట్రంలో మార్చి నెల భారంలో పెద్ద వాటా పొలాలదే. ఆ శిఖరాన్ని దించడంలో ఇళ్ల పాత్ర కొద్దిపాటిదేనని ఒప్పుకుందాం.

రెండోది పొద్దు వాలాక వచ్చేది. నాలుగు వేల మెగావాట్లకు పైబడిన సౌర విద్యుత్ సామర్థ్యం ఉన్న రాష్ట్రంలో సూర్యుడు దిగిపోతున్న ఆ గంటన్నరలోనే లైట్లు, టీవీలు, వంటింటి మిక్సీలు, ఏసీలు ఒక్కొక్కటిగా లేస్తాయి. ఒకవైపు ఉత్పత్తి జారిపోతుంటే మరోవైపు వాడకం ఎక్కుతుంటుంది. మూడోది నగరంలో ఏప్రిల్, మే రాత్రుల్లో పది నుంచి ఒంటిగంట వరకు వీధి ట్రాన్స్‌ఫార్మర్ల మీద, ఫీడర్ల మీద పడే భారం. రాష్ట్రంలో కరెంటు నిండుగా ఉన్నా మా వీధిలో ఫ్యూజు పోవచ్చు, మా భవనం వారం రోజులు పడిన అవస్థ ఈ మూడోదే. రెండో దానిలోనూ మూడో దానిలోనూ ఇళ్లే ప్రధాన పాత్రధారులు, ఈ లేఖ ఆ రెంటి గురించే.

వేళను బట్టి ధర ఉండాలన్న సూత్రం మండలికి కొత్త కాదు. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ మీద కరెంటు తీసుకునే) పరిశ్రమలకు ఉదయం ఆరు నుంచి పది వరకు, సాయంత్రం ఆరు నుంచి పది వరకు యూనిట్‌కు రూపాయి అదనం, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాయితీ మీ టారిఫ్ ఉత్తర్వుల్లోనే ఉన్నాయి. నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మాత్రం తొలి 200 యూనిట్లకు 5.10 రూపాయలు, ఆపైన 300 వరకు 7.70 రూపాయలు అని శ్లాబులున్నాయే తప్ప మధ్యాహ్నం పన్నెండుకు వాడిన యూనిట్‌కూ రాత్రి ఎనిమిదికి వాడినదానికీ తేడా లేదు. అదే సమయంలో కరెంటు కొని అమ్మే విపణి అయిన పవర్ ఎక్స్ఛేంజీలో ఆ రెండు యూనిట్ల ధర ఎంత వేరుగా ఉంటుందో పంపిణీ సంస్థల (డిస్కమ్‌ల) అధికారులకు నాకన్నా బాగా తెలుసు. ఎండ బాగా కాసే మధ్యాహ్నాల్లో రెండు మూడు రూపాయలకే దొరికే యూనిట్, చీకటి పడ్డాక కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2023లో విధించిన 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ ఖర్చు ఎటూ పోదు, ఇంధన సర్దుబాటు అనో పాత ఖర్చుల సవరణ (ట్రూఅప్) అనో పేరుతో ఏదో ఒకనాడు వినియోగదారుల మీదికో ప్రభుత్వ ఖజానా మీదికో వస్తుంది. రాత్రి ఎనిమిదికి ఏసీ వేసుకోనివాడూ దాన్ని సమానంగా మోస్తాడు. ఇది న్యాయంగా లేదని నా విన్నపం.

ధరకు తోడు వృథా కూడా ఉంది. ఏళ్లపాటు నల్లబల్ల మీద రాసిన సూత్రాన్నే ఇక్కడ గుర్తుచేస్తాను. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది, అంటే కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగింతలవుతుంది. రద్దీ గంటలో ఒక ఇల్లు తగ్గించిన కిలోవాట్, తెల్లవారుజామున తగ్గించిన కిలోవాట్ కన్నా ఎక్కువ నష్టాన్ని ఆపుతుంది. ఆ గంటల కోసం మన దగ్గరున్న గొప్ప ఆసరా శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం. 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, నీటిని వెనక్కి ఎత్తిపోయగలిగినవి. నాగార్జునసాగర్‌లోనూ అలాంటి యూనిట్లున్నాయి. పగటి మిగులుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు అది. కానీ ఆ నీళ్లకు తాగునీటి బాధ్యతలూ సాగునీటి బాధ్యతలూ ఉన్నాయి, కృష్ణలో నీళ్లు తక్కువైన ఏడాది ఆ ఆసరా కూడా సన్నగిల్లుతుంది. ఇళ్లు తమ వాడకాన్ని రెండు గంటలు అటూఇటూ జరపగలిగితే దానికి ఆనకట్టా అక్కర్లేదు, బొగ్గూ అక్కర్లేదు.

జనం మారరు, చెప్పినా వినరు అనే మాట అధికారుల నుంచే కాదు, చదువుకున్న మిత్రుల నుంచి కూడా విన్నాను. అది నిజం కాదని చెప్పడానికి గృహజ్యోతి పథకమే సాక్ష్యం. నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేకుండా 2024 మార్చి నుంచి అమలవుతున్న ఆ పథకం వచ్చాక, నెల మూడో వారం నుంచి మీటరు దగ్గరకు వెళ్లి అంకెలు చూసుకునే గృహిణులు నాకు తెలుసు. 170 దాటిందంటే గీజరు ఆపేస్తారు, పిల్లల్ని ఒకే గదిలో పడుకోబెడతారు. ఇంతకుముందు మీటరు ఎక్కడుందో కూడా తెలియని ఇళ్లు అవి. ఒక అంకెకు అర్థం ఉందని తెలిసినప్పుడు మనుషులు ఎంత శ్రద్ధగా చూసుకుంటారో ఇంతకంటే చెప్పాలా? ఆ శ్రద్ధకు ఇప్పుడు గంటను జోడించాలి.

దేశం మొత్తం మీద కూడా ఒక ఉదాహరణ మన కళ్ల ముందే జరిగింది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలపాటు ఇళ్లలో లైట్లు ఆర్పమన్నప్పుడు, 12,000 మెగావాట్ల మేర తగ్గవచ్చని గ్రిడ్ నిర్వాహకులు అంచనా వేసుకుంటే, తగ్గుదల 31,000 మెగావాట్లు దాటింది. ఆ పిలుపు ఉద్దేశం వేరు, నేను దాన్ని ఇక్కడ చర్చించడం లేదు. వేళ ముందుగా తెలిసి, చేయాల్సింది ఒక్క వాక్యంలో చెబితే కోట్ల ఇళ్లు కదులుతాయన్నదే నేను గమనించమంటున్నది. 2022 సెప్టెంబరు 6న కాలిఫోర్నియాలో ఎండలకు గ్రిడ్ కూలిపోయే ప్రమాదం వచ్చినప్పుడు సాయంత్రం ప్రజల ఫోన్లకు పంపిన ఒక్క సందేశంతో ముప్పావుగంటలోపే సుమారు 2,000 మెగావాట్లు తగ్గాయి. అక్కడ ఆ సందేశం అందుకున్నవారిలో మన పిల్లలూ ఉన్నారు. దూరం ఎందుకు, 2024 మే 2న కేరళలో డిమాండు 5,797 మెగావాట్లకు చేరినప్పుడు అక్కడి విద్యుత్ బోర్డు రాత్రి వేళ బట్టల యంత్రాలు నడపవద్దనీ, వాహనాలకు చార్జింగ్ పెట్టవద్దనీ, ఏసీ 26 కన్నా తగ్గించవద్దనీ ఇంటింటికీ చెప్పింది. ఎక్కువ వాడే ఇళ్లకు వేళను బట్టి ధర కూడా ఆ రాష్ట్రంలో ఉంది.

ఇంట్లో దేన్ని జరపవచ్చు, దేన్ని జరపకూడదు అన్నదానిపై స్పష్టత లేకపోతే సలహాలు ఉపదేశాలుగానే మిగిలిపోతాయి. ఫ్రిజ్‌ను ముట్టుకోకూడదు, ఆపి వేస్తే లాభం లేకపోగా పదార్థాలు పాడవుతాయి. ఎల్‌ఈడీ దీపాలు తొమ్మిది వాట్లవి, చదువుకునే పిల్లల దగ్గర వాటిని ఆర్పమనడం అన్యాయం. జరపగలిగినవి నీళ్ల మోటారు, బట్టల యంత్రం, ఇస్త్రీపెట్టె, గ్రైండరు, గీజరు, వాహనాల చార్జింగ్. పదిహేను లీటర్ల గీజరులో నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తీసుకువెళ్లడానికి యూనిట్‌లో మూడింట రెండు వంతుల లోపే పడుతుంది, మంచి గీజరులో ఆ వేడి కొన్ని గంటలు నిలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి వేసి ఆరు కొట్టేలోపు ఆపేస్తే ఉదయపు రద్దీకి అది అడ్డురాదు. ఏసీని జరపలేం, తగ్గించగలం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది, 2020 నుంచి స్టార్ గుర్తు ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా తయారవుతున్నది కూడా అందుకే. పడుకునే గది తలుపులు వేసి, సాయంత్రం ఐదున్నరకే చల్లబరచి, ఆరు తర్వాత 27 మీద ఫ్యానుతో నడిపితే రద్దీ వేళ కంప్రెసర్ తిరిగే సమయం తగ్గుతుంది. ఇది నేను మూడు వేసవులుగా చేస్తున్న పని.

ఎవరూ పెద్దగా చెప్పని సంగతి మరొకటుంది. కరెంటు పోయి తిరిగి వచ్చిన ఆ నిమిషంలో ఏసీలు, ఫ్రిజ్‌లు, మోటార్లు అన్నీ ఒకేసారి లేస్తాయి, ఖాళీ అయిన ఇన్వర్టరు బ్యాటరీలు కూడా అప్పుడే ఆబగా చార్జింగ్ లాగుతాయి. మామూలుగా వంతులవారీగా ఆగి నడిచే కంప్రెసర్లు ఆ క్షణాన అన్నీ కలిసి నడుస్తాయి కనుక పోయినప్పటి కన్నా వచ్చినప్పటి భారం ఎక్కువ. మా వీధిలో ఫ్యూజు మళ్లీ మళ్లీ పోవడానికి కారణం ఇదేనని ఆ లైన్‌మన్ వివరించారు. కరెంటు పోగానే ఏసీ స్విచ్చి ఆపి, వచ్చాక పది నిమిషాలు ఆగి వేయమని చెప్పే ఒక్క సందేశం ప్రతి వేసవి మొదట్లో ఇంటింటికీ చేరితే అర్ధరాత్రి స్తంభాలెక్కే సిబ్బందికి ఎంతో శ్రమ తప్పుతుంది.

ఇక చట్టం సంగతి. విద్యుత్తు ఎప్పుడు అవసరమైందన్న దాన్ని బట్టి ధరలో తేడా పెట్టవచ్చని 2003 విద్యుత్ చట్టం 62వ సెక్షన్ మూడో ఉపవిభాగం మండలికి అధికారమిచ్చింది. కేంద్రం 2023 జూన్‌లో వినియోగదారుల హక్కుల నియమాలను సవరించి, వ్యవసాయం తప్ప మిగిలిన వినియోగదారులందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి వేళల వారీ ధరలు రావాలనీ, ఎండ ఉండే ఎనిమిది గంటల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలనీ, రద్దీ వేళల్లో ఇళ్లకు కనీసం పది శాతం ఎక్కువ ఉండాలనీ పేర్కొంది. ఆ తేదీ గడిచిపోయింది. నా ఇంటి బిల్లు మీద వేళ ప్రస్తావన ఇప్పటికీ లేదు. ఆలస్యాన్ని నేను నిందించడానికి రాయడం లేదు. పైగా ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు రేపే ఇళ్ల మీద పెట్టమని కూడా అడగడం లేదు. పగలంతా బయట పనిచేసి రాత్రి ఏడింటికి ఇల్లు చేరే కుటుంబానికి ఎండ వేళ రాయితీ అందని పండు, రాత్రి అదనం తప్పని భారం. కూలికి వెళ్లే దంపతులు బట్టలు ఉతుక్కునేదీ వండుకునేదీ రాత్రే. అందువల్ల మొదటి రెండేళ్లు ఇళ్లకు అదనం వద్దు, రాయితీ ఒక్కటే ఉండాలని నా అభ్యర్థన.

స్మార్ట్ మీటర్లు వస్తే తప్ప ఇది సాధ్యం కాదన్న జవాబు వస్తుందని ఊహించగలను. ఆ మీటర్ల ఖర్చు ఎవరిదన్న దానిపైనా, ముందే డబ్బు కట్టించుకుంటారేమోనన్న దానిపైనా ప్రజల్లో ఉన్న భయాలు తేలికగా తీసిపారేయదగినవి కావు. కానీ మొదటి అడుగుకు ప్రతి ఇంటికీ కొత్త మీటరు అవసరం లేదు. మా భవనం వంటి వేలాది అపార్ట్‌మెంట్లకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దానికి వేళల వారీగా నమోదు చేసే మీటరు ఒక్కటి పెడితే ముప్పై ఇళ్ల సాయంత్రం ఒక్క గీతలో కనబడుతుంది. గత సంవత్సరం ఇదే నెలలో ఆరు నుంచి పది మధ్య మా వాడకం ఎంత, ఈ ఏడాది ఎంత అని పోల్చి, తగ్గిన యూనిట్లకు డిస్కమ్‌కు మిగిలిన కొనుగోలు ఖర్చులో ఒక భాగాన్ని మా ఉమ్మడి మీటరు బిల్లులో తగ్గించండి. ఏ ఇంట్లో ఎప్పుడు దీపం వెలిగిందో ఎవరికీ తెలియాల్సిన పని ఉండదు. నిర్వహణ రుసుము తగ్గుతుంది కాబట్టి సొంతదారులకూ అద్దెదారులకూ కూడా మేలే. మోటారును పగటికి మార్చిన వాచ్‌మన్ శ్రమకు ఒక లెక్క దొరుకుతుంది. పొరుగువారి మాట పొరుగువారికి చేరినంత సులువుగా ప్రభుత్వ ప్రకటన చేరదు, సంఘం సమావేశంలో ఆ గీతను గోడ మీద అంటిస్తే చాలు.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ లేని బస్తీల్లో ఈ పద్ధతి కుదరదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద దుకాణాలు, ఇళ్లు, చిన్న కార్ఖానాలు కలిసి ఉంటాయి. అక్కడ గృహజ్యోతి కింద బిల్లే లేని కుటుంబాలకు ధరతో చెప్పగలిగేది ఏమీ ఉండదు, చెప్పనూ కూడదు, వాళ్లు వాడేదే తక్కువ. వాళ్లకు వస్తువు ఇవ్వాలి. రేకుల ఇంట్లో రాత్రంతా తిరిగే పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 30 వాట్లతో ఇస్తుంది. పది లక్షల ఇళ్లలో రెండేసి ఫ్యాన్లు మారిస్తే అవి తిరుగుతున్న ప్రతి రాత్రీ 90 మెగావాట్లు మిగులుతాయి, అంటే శ్రీశైలం ఎడమగట్టులోని ఒక యూనిట్‌లో సగానికి మించి. 2015లో మొదలైన ఉజాలా పథకంలో ఎల్‌ఈడీ బల్బులను చవగ్గా ఇళ్లకు చేర్చిన అనుభవం మనకు ఉంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఫ్యాన్లు అదే తీరులో, వాయిదాలు లేకుండా, ఉచితంగా ఇచ్చినా ప్రభుత్వానికి రాయితీ భారం తగ్గుతుంది, ఎందుకంటే ఆ ఇంటి ప్రతి యూనిట్‌కూ డబ్బు కడుతున్నది ప్రభుత్వమే.

పైకప్పుల గురించి కూడా ఒక మాట. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రి పదకొండు దాకా గదిలోకి వేడిని వదులుతుంది, పై అంతస్తు ఏసీ రాత్రి పోరాడేది ఆ వేడితోనే. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. అది పెద్ద స్థలాల్లోని కొత్త ఇళ్లకే పరిమితమైతే ఇప్పటికే నగరమంతా పరచుకున్న పాత డాబాలు అలాగే ఉండిపోతాయి. పాత అపార్ట్‌మెంట్ డాబాకు తెల్లపూత వేయించే సంఘాలకు విద్యుత్ సంస్థలే కొంత సాయం చేస్తే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెంచే ఖర్చులో అది ఎంత భాగమో లెక్కలు వేయగలిగిన ఇంజనీర్లు మీ దగ్గరున్నారు.

ముందస్తు సమాచారం అన్నిటికన్నా త్వరగా చేయగలిగిన పని. మరుసటి రోజు సాయంత్రం ఎంత బిగువుగా ఉండబోతోందో రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రానికి ముందురోజే అంచనా ఉంటుంది. మా ఫోను నంబర్లు బిల్లింగ్ కోసం డిస్కమ్‌ల దగ్గర ఉన్నాయి. ఏడాదిలో మరీ కష్టమైన పదిహేను ఇరవై సాయంత్రాలకు మాత్రమే, మధ్యాహ్నం రెండింటికి, తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక చిన్న సందేశం రావాలి: ఈ రోజు ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు మోటారు, గీజరు, బట్టల యంత్రం వద్దు, ఏసీ 26 మీద ఉంచండి. రోజూ పంపితే ఎవరూ చదవరు. మరునాడు ఉదయం నిన్న రాష్ట్రంలో ఎన్ని మెగావాట్లు తగ్గాయో చెప్పే రెండో సందేశం తప్పక రావాలి. అడిగినవాళ్లు ఫలితం చెప్పకపోతే రెండోసారి అడిగే హక్కు పోతుందని తరగతి గదిలో నేర్చుకున్నాను.

టారిఫ్ ఉత్తర్వులకు ముందు మీరు జరిపే బహిరంగ విచారణకు ఒకసారి హాజరయ్యాను. రైతు సంఘాల తరఫున, పరిశ్రమల తరఫున ఎంతో సిద్ధపడి వచ్చినవాళ్లు మాట్లాడారు, మీరు ఓపికగా విన్నారు. ఇళ్ల తరఫున మాట్లాడినవాళ్లలో అందరమూ ధర తగ్గించమనే అడిగాం, మేము ఏం చేయగలమో ఒక్కరమూ చెప్పలేదు. ఆ లోటు తీర్చాలనే ఈ లేఖ.

రానున్న విచారణలో ఈ విషయాన్ని చర్చకు పెట్టి, సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కొన్ని అపార్ట్‌మెంట్లలో మార్చి నుంచి జూన్ వరకు ఒక వేసవి ప్రయోగానికి అనుమతించాలని మండలిని కోరుతున్నాను. మా ముప్పై ఇళ్లలో ఇరవై ఆరు ఇళ్లవాళ్లు ఇందుకు సమ్మతిస్తూ సంతకాలు చేశారు, మిగిలిన నలుగురు ఇప్పుడు ఊళ్లో లేరు. మీటరు పెట్టే ఖర్చులో మా వంతు భరించడానికి సంఘం తీర్మానించింది. మూడేళ్లుగా నేను సంపు మోటారు నడిచిన వేళలు రాసుకున్న పుస్తకం నా దగ్గర ఉంది, మీ ఇంజనీర్లు ఎప్పుడు వచ్చినా చూపిస్తాను.

భవదీయుడు,
ఒక గృహ వినియోగదారు, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హైదరాబాద్